అమలత్త కుట్టిన పుస్తకం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా కూతురి చదువు మధ్యలో ఆగిపోతుందేమోనని. వేరే భయాలు లేక కాదు. వానలు పడితే మా క్రీస్తురాజపురం కొండ మీంచి రాళ్ళు జారతాయని భయం. మా ఆయన స్టీఫెన్ పెళ్ళి పందిళ్ళకి లైట్లు కడతాడు, ఆయన నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ భయం. అవన్నీ వచ్చిపోయేవి. ఇది మాత్రం పొద్దున్నే పాపకి జడ వేస్తుంటే మొదలవుతుంది, దాన్ని బడి గేటు దగ్గర దింపేదాకా నా పక్కనే నడుస్తుంది. పాప పేరు క్రిస్టినా, రెండో తరగతి. నేను ఎనిమిది దాటలేదు. మా నాన్న మంచం పట్టిన ఏడాది నన్ను బడి మాన్పించారు. "ఒక్క ఏడాదేలే" అన్నారు. ఆ ఏడాది ఇంకా అవలేదు.

ఆ భయంతోనే ఒకరోజు నేను నోరు తెరవాల్సిన చోట తెరవలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బల్ల గురించి చెప్పాలి.

గవర్నరుపేటలో ఒక సందు చివర సత్యం గారి బైండింగు షాపు ఉండేది. కింద కటింగు మిషను, మేడ మీద పొడుగాటి బల్ల, బల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్ళం. మెట్లెక్కుతుంటేనే ఉడికిన మైదాపిండి వాసన వచ్చేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళం. దాంతో గోళ్ళ చివర్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. పెళ్ళిలో మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇదేం గోరింటాకు?" అని అడిగాడు.

నన్ను పద్నాలుగేళ్ళప్పుడు అక్కడికి తీసుకెళ్ళింది అమలమ్మ. చర్చిలో ఆదివారం పూజకి మా అమ్మ పక్కన కూర్చునేది. అందరికీ అమలమ్మ, నాకు అమలత్త. ఊరు పామర్రు అవతల. మొగుడు పోయాక ఒక ట్రంకు పెట్టెతో బెజవాడ వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంది, ముప్పై ఏళ్ళు లేవలేదు. మొదటిరోజు నా చేతిలో ఒక అరిగిన వెదురు బద్ద పెట్టింది, మడతలు నొక్కడానికి.

"ఇది పోగొట్టుకుని నా దగ్గరికి రామాకు. మొగుడు పోతే ఇంకోడు దొరకొచ్చు, చేతికి అలవాటైన బద్ద దొరకదు," అంది.

పక్కన దారం కుడుతున్న శివపార్వతక్క తల ఎత్తకుండానే, "మరి నువ్వు ఇంకోణ్ణి వెతుక్కోలేదే అమలమ్మా?" అంది.

"బద్ద పోలేదుగా, తీరికెక్కడిది?"

శివపార్వతక్క వాళ్ళది మగ్గాల ఇల్లు. మగ్గం ఆగిపోయాక మా దగ్గరికి వచ్చింది. దారం తెగితే ఆమె వేసిన ముడి ఎక్కడుందో ఎవరికీ కనపడేది కాదు.

ప్రెస్సు నుంచి పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితం వస్తుంది. దాన్ని ఫారం అంటాం. దాన్ని మూడు మడతలు వేస్తే పేజీలు వరసలోకి వస్తాయి. అలాంటి ఫారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వీపు దగ్గర దారంతో కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. వినడానికి ఇంతే. ఒక్క ఫారం ముందుకో వెనక్కో పడితే మాత్రం పుస్తకం మొత్తం పాడు. అందుకని ప్రతి ఫారం వీపు మీద చిన్న నల్ల గుర్తు అచ్చు వేస్తారు. మొదటిదానికి పైన, రెండోదానికి కొంచెం కింద, మూడోదానికి ఇంకా కింద. అన్నీ సరిగ్గా పేరిస్తే ఆ గుర్తులు మెట్లు దిగినట్టు కనపడతాయి. అమలత్త పేర్చిన కట్ట తీసుకుని వీపు మీద ఒక్క చూపు చూసి, "మధ్యలో ఒక మెట్టు లేదు, కాలు జారుద్ది," అని పక్కన పెట్టేసేది. మెట్టు లేని కట్టని ఆవిడ ఒక్కసారి కూడా కిందికి పోనివ్వలేదు.

ఫారం తలకిందులుగా పడకుండా చూసుకోడానికి ఆవిడకి ఇంకో ఉపాయం ఉండేది. "అక్షరాలకి పిలకలుంటాయి చూడు. పిలక పైకుంటే కాగితం నిలబడ్డట్టు, కిందకుంటే శీర్షాసనం వేసినట్టు," అని చెప్పేది. తలకట్టుని ఆవిడ పిలక అనేది. ఆ మాట విని నేను కిసుక్కున నవ్వాను. ఎందుకలా అంటుందో ఆరు నెలలకి గానీ నాకు తెలియలేదు.

పొద్దున్నే సత్యం గారు ఆ రోజు పని ఒక చీటీ మీద రాసి మేకుకి గుచ్చేవారు. అమలత్త దాన్ని తీసి నా చేతికిచ్చేది. "చదవ్వే, గట్టిగా, అందరికీ వినపడాలి." నాకు గొంతు లేవాలని అలా చదివిస్తోందనుకున్నాను. ఒకరోజు జ్వరమొచ్చి నేను మధ్యాహ్నానికి వెళ్ళేసరికి, చీటీ మేకు మీదే ఉంది. అమలత్త ముందు రోజు మిగిలిన ఫారాలే మడుస్తూ కూర్చుంది. నన్ను చూడగానే, "వచ్చావా? ఆ చీటీ ఏదో చదువు," అంది. అప్పుడు అర్థమైంది. చీటీ తీసి చదివాను. ఆ రోజు నుంచి చీటీ అయినా, బస్సు బోర్డయినా, బ్యాంకు కాగితమైనా, ఆవిడ అడగక ముందే నాకు నేను చదువుకున్నట్టు పైకి చదివేదాన్ని. ఆవిడ ఎటో చూస్తూ వినేది.

దానికి బదులు ఆవిడ నాకు చేసింది ఏమిటో చెప్తాను.

నవలలు వచ్చే రోజుల్లో నాకు చెయ్యి ఆడేది కాదు. మడత వేసిన ఫారానికి పైఅంచు ఇంకా కొయ్యకపోవడం వల్ల కొన్ని పేజీలు మూసుకుని ఉంటాయి. ఆ సందులో తల దూర్చి, కిటికీలోంచి పక్కింట్లోకి చూసినట్టు చదివేదాన్ని. రెండుసార్లు సత్యం గారికి దొరికిపోయాను. అప్పుడు అమలత్త అంది:

"పైకి చదువు. అందరం వింటాం. నీ మడత నేను వేస్తా."

అలా మొదలైంది. నేను చదివేదాన్ని. ఆవిడ చేతులు రెండు మనుషుల పని చేసేవి, నా వాటా ఆవిడ వాటా కలిపి. బద్ద కాగితం మీద సర్రున జారే చప్పుడు నా గొంతు వెనకాల తాళంలా ఉండేది. నేను ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోలేదంటే ఆ చప్పుడు వల్లే. చిక్కేమిటంటే, ప్రెస్సువాళ్ళు ఫారాలు వరసలో పంపరు. సోమవారం పెళ్ళయిపోయేది, గురువారం పెళ్ళిచూపులు జరిగేవి. చచ్చిపోయినవాడు మర్నాడు వచ్చి కాఫీ తాగేవాడు. శివపార్వతక్క తల పట్టుకునేది. "ఈడు పోయాడా, ఉన్నాడా? నేను ఏడవాలా వద్దా?"

ఒక నవలలో ఒక పిల్లని ఎవరో బావిలోకి తోసేశారు. ఫారం అక్కడితో అయిపోయింది. తర్వాతది చివరి ఫారం, ఇంకా రాలేదు. సత్యం గారు మెట్లెక్కి వచ్చి, "చివరిది ఎల్లుండి వస్తుందమ్మా, ప్రెస్సులో కరెంటు లేదంట, అంతవరకు పంచాంగాలు మడవండి," అన్నారు.

ఎవరూ కదల్లేదు. అమలత్త బద్ద కింద పెట్టింది.

"అంటే ఎల్లుండి దాకా ఆ పిల్ల బావిలోనే ఉంటుందాండీ?"

సత్యం గారు ఆవిడ వంక చూశారు, మా అందరి వంకా చూశారు. వెనక్కి తిరిగి కిందికి వెళ్ళిపోయారు. కోప్పడ్డారనుకున్నాం. మధ్యాహ్నం అన్నాల వేళకి స్కూటరు ఆగింది. కరెంటు రాగానే అచ్చు తీయించిన, ఇంకా సిరా ఆరని ఫారం ఒకటి చుట్ట చుట్టి పట్టుకొచ్చారు. "తీసుకో బ్లెస్సీ, ముందు ఆ పిల్లని బయటికి లాగు. ఈళ్ళు పని చేసేట్టు లేరు." ఆయన చొక్కా మీద నల్లటి గీతలు. నేను చదువుతుంటే ఆయన కూడా గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. పిల్ల బతికింది. అమలత్త శిలువ గుర్తు వేసుకుంది.

ఉగాది ముందు పంచాంగాలు, క్రిస్మసు ముందు పాటల పుస్తకాలు. పంచాంగాలు మడిచేది మేం, పాటల పుస్తకాలు కుట్టేది శివపార్వతక్క. "ఎవరి పుణ్యం ఎవరికి పోద్దో ఏంటో," అనేది ఆమె. అమలత్త ఊరుకునేది కాదు. "నా రాశి ఏంటో చూడవే." "మనకి రాశులేంటత్తా?" "రేషన్ కార్డు లేదా, ఆధార్ లేదా, రాశి మాత్రం ఎందుకుండదూ? చూడు." చూస్తే ఆ ఏడాది ఆవిడకి రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు. "ఒకటన్నా ఉందిగా," అంది.

క్రిస్టినా కడుపులో ఉన్నప్పుడు నెలలు నిండేదాకా ఆ బల్ల దగ్గరే ఉన్నాను. పాపకి మూడో నెల రాగానే బల్ల కింద చీర ఉయ్యాల కట్టింది అమలత్త. ఫారాలు మడిచే చప్పుడికే అది నిద్రపోయేది. ఇప్పటికీ నేను బట్టలు మడత పెడుతుంటే దానికి ఆవులింతలొస్తాయి.

సత్యం గారికి పిల్లల్లేరు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వని స్థితి వచ్చాక, పోయిన ఏడాది షాపుని భానుచందర్ గారికి అమ్మేశారు. ఆయనకి గన్నవరం వైపు హైవే మీద పెద్ద షెడ్డు ఉంది. కోచింగు కాలేజీల పుస్తకాలన్నీ ఆయనే వేస్తారు. అక్కడ మిషను ఉంది. అది పుస్తకం వీపుని చెక్కేసి, మరిగే జిగురు పూసి, అట్ట అంటించేస్తుంది. మడత మిషనుదే, పేర్చడం మిషనుదే. దారంతో పని లేదు.

"వీపు కోసేశాక పుస్తకం కూర్చుంటదా?" అని అడిగింది అమలత్త.

ఆ మాట అడిగింది భానుచందర్ గారిని కాదు, ఆయన పంపిన చక్రి అనే సూపర్‌వైజరుని. పాతికేళ్ళుంటాయేమో, మంచివాడే. అందరినీ గారూ అనే పిలిచేవాడు. "కూర్చోనక్కర్లేదండీ, పరీక్ష అయ్యేదాకా నిలబడితే చాలు," అన్నాడు. మాకూ నవ్వొచ్చింది.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. షెడ్డులోకి బల్ల నుంచి నలుగుర్నే తీసుకుంటారు. మిషనుకి ఫారాల కట్టలు అందించాలి. ప్రతి కట్ట మీద లేబులు ఉంటుంది, అది చదివి ఏ అరలో పెట్టాలో చూసుకోవాలి. అంతే పని. శివపార్వతక్క, "అంత దూరం నా వల్ల కాదు, చీరలకి ఫాల్సు కుట్టుకుంటా," అని తప్పుకుంది. ఇంకొందరు అలాగే తప్పుకున్నారు. రెండు రోజుల్లో ముగ్గుర్ని తీసుకున్నారు. మిగిలింది అమలత్త, నేను.

అవి బళ్ళు తెరిచే రోజులు. మూఢం వచ్చిందని పెళ్ళిళ్ళు లేవు, మా ఆయనకి పని లేదు. ఆ పొద్దున పాప కొత్త బూట్లు మంచం మీదే వేసుకుని కూర్చుని, "అమ్మా, ఈ ఏడాది మా క్లాసు మేడ మీద," అంది. నేను దాని మొహం చూడలేకపోయాను. మాకూ అప్పట్లో అన్నీ బాగానే ఉండేవి, నాన్న మంచం పట్టేదాకా.

షాపుకి వెళ్ళేసరికి చక్రి బల్ల చివర కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక లేబులు. "ఇంకొక్కరేనండీ," అన్నాడు. చెప్పడానికి అతనికీ బాధగానే ఉంది. "పెద్దవారు, ముందు మీరు. అమలమ్మ గారూ, ఇది కొంచెం చదువుతారా? చదివితే చాలు, వేరే ఏం లేదు."

అమలత్త లేబులు తీసుకుంది. ముఖం దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. తర్వాత ఎప్పటిలాగే ఎటో చూసింది. నా కోసం. నేను నాకు నేను చదువుకున్నట్టు పైకి చదువుతానని. ఆవిడ పక్కనే ఉన్నాను. లేబులు నాకు కనపడుతోంది. 'భౌతికశాస్త్రం, రెండో భాగం, ఫారం ఏడు.' ఇప్పటికీ గుర్తే.

నేను చదవలేదు.

కింద కటింగు మిషను ఒకసారి పడిన చప్పుడు, ఇంకోసారి పడిన చప్పుడు. అమలత్త నా వైపు తిరగలేదు. లేబుల్ని బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, "కళ్ళజోడు తేలేదు బాబూ," అంది.

ఆవిడకి కళ్ళజోడు ఎక్కడిది? అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది కూడా చెప్పాలి.

"పోనీ రేపు తెచ్చుకోండి," అన్నాడు చక్రి.

"ఎందుకులే బాబూ. దాని చేతికియ్యి. అది గడగడా చదువుద్ది. నేనే నేర్పా," అంది.

నేను గడగడా చదివాను.

ఆఖరి రోజు బల్లని ముక్కలు చేసి దింపుతుంటే అందరం మెట్ల మీద నిలబడ్డాం. అమలత్త నాకు పాత చీర ముక్కలో కట్టిన పొట్లం ఒకటి ఇచ్చింది. "పాపకి. ఇంటికెళ్ళాక విప్పు." ఆవిడ చెయ్యి నా బుగ్గ మీద ఒకసారి ఆగింది. మైలుతుత్తం వాసన. ఆవిడ పామర్రు బస్సెక్కింది. అక్కడ చెల్లెలి కూతురు ఉంది.

నేను పొట్లం విప్పలేదు. బీరువా మీద పెట్టేశాను.

రోజూ రామవరప్పాడు రింగు దగ్గర కంపెనీ వ్యాను ఎక్కుతాను. షెడ్డులో చెవుల్లో దూది పెట్టుకోవాలి, అంత చప్పుడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కట్టలు అందిస్తాను, లేబులు చదువుతాను. లోపల ఏముందా అని ఒకటి రెండుసార్లు తెరిచి చూశాను. ప్రశ్న, కింద నాలుగు జవాబులు. బావిలో ఎవరూ లేరు. నా గోళ్ళు తెల్లబడ్డాయి. జీతం వేళకి వస్తోంది, పాప బడికి వెళ్తోంది. నేను కోరుకున్నది అదే, కాదని అనను.

దసరా సెలవుల్లో క్రిస్టినా కుర్చీ ఎక్కి ఆ పొట్లం లాగింది. లోపల ఎర్ర గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం. కుట్టు చూడగానే తెలిసింది, అమలత్త చేతిది. తెరిస్తే ఒక నవలలో పదహారు పేజీలు, తర్వాత పంచాంగంలో పదహారు, తర్వాత పాటల పుస్తకంలోవి, ఇంకో నవలలోవి. వేస్టు పోయిన ఫారాలు. నేను చదువుతుంటే ఆవిడకి నచ్చినవి దాచుకుందన్నమాట, ఇన్నేళ్ళూ. ఏ పుస్తకంలో ఏ భాగమో ఆవిడకి ఎలా గుర్తుందో నాకు తెలియదు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు కూడా ఉంది. చదివింది నేను, దాచింది ఆవిడ.

పాప ముందుకు తిప్పుకుంటూ పోయింది. "అమ్మా, ఈ పేజీలు శీర్షాసనం వేశాయి," అంది.

పుస్తకం మధ్యలో ఒక ఫారం మొత్తం తలకిందులుగా కుట్టి ఉంది. చుట్ట చుట్టిన మడతలు ఇంకా పోని ఫారం. ఆ పిల్ల బావిలోంచి బయటపడే చివరి ఫారం.

మొదట నవ్వాను, సరదాకి చేసిందేమోనని. తర్వాత నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో అమలత్త ఒక్క ఫారం తలకిందులుగా పెట్టలేదు. ఇవన్నీ వేరే వేరే పుస్తకాల ఫారాలు, వీపు మీద మెట్లు కలవవు. ఆవిడకి ఆధారం పిలకలే. ఆ పిలకలు కనపడలేదన్నమాట.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ చివరి ఏడాది కిటికీ పక్కకి చోటు మార్చుకుంది, గాలి కోసం అంది. సూదిలో దారం నాతో ఎక్కించుకునేది. కట్ట వీపు మీద చూసే చూపు మానేసి వేలితో తడిమేది. టీ గ్లాసు పెట్టబోయి బల్ల అంచు దాటించింది ఒకసారి. "అత్తా, ముసల్దానివైపోయావు," అన్నాను. లేబులు ముఖం దగ్గరగా పెట్టుకోవడం, దూరంగా పెట్టుకోవడం. చదువు రాక ఆడిన నాటకం అనుకున్నాను. కళ్ళజోడు తేలేదు బాబూ, అంది. ఆవిడ చెప్పింది నిజమే. నవ్వింది మేము.

ఆవిడ ఫోన్ స్విచ్చాఫ్ వస్తోంది. శివపార్వతక్కకీ దొరకలేదంట. బెజవాడ నుంచి పామర్రు ఎంతో దూరం కాదు, ఆదివారం సెలవు కూడా ఉంది. ఒకసారి బస్సెక్కి కూర్చున్నాను. బెంజి సర్కిలు దగ్గర దిగిపోయాను. ఆవిడ ఎదురుగా నిలబడి మొదటి మాట ఏమనాలో నాకు తెలియలేదు. మా ఆయన, "వెళ్ళి కాళ్ళ మీద పడు, అంతేగా," అంటాడు. ఆయన చెప్పినంత తేలిక కాదు. వెళ్తాను. కానీ నేను వెళ్ళేలోపు ఇంకా ఎన్ని రోజులు ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుందోనని ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది.

అందుకే అడుగుతున్నాను. ఇది చదివేవాళ్ళలో అటువైపు వాళ్ళు ఎవరన్నా ఉంటే, పామర్రు దాటి చల్లపల్లి రోడ్డులో వెళ్తే, కాలవ వంతెన దగ్గర మరియమాత గుడి పక్క సందులో అమలమ్మ అని అడగండి. బైండింగు అమలమ్మ అంటే చెప్తారు. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది, ఆ మాట నమ్మొద్దు. ఈ కాగితమే మడిచి ఆవిడ చేతిలో పెట్టండి, తలకిందులుగా. సరిగ్గా తిప్పి పట్టుకుంటే మంచినీళ్ళు తాగి వచ్చేయండి. తిప్పకుండా అలాగే పట్టుకుని ఎటో చూస్తే, దయచేసి ఆవిడ పక్కన కూర్చుని, మీకు మీరు చదువుకున్నట్టే, ఇది పైకి చదవండి. తర్వాత కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా నాకు కబురు పెట్టండి. ఈసారి బెంజి సర్కిలు దగ్గర దిగను.